కుడివైపు ఎండినవి

లిదియా ఎడమ చేయి పైకెత్తింది. ఎర్రన్న స్విచ్ ఆపాడు. పాలిషింగ్ డ్రమ్ము ఇంకో మూడు చుట్లు తిరిగి నిలిచింది. గోదాం ముందున్నవాళ్లు మాటలు ఆపారు. ఆమె బస్తాలోకి మోచేతి దాకా చేయి పెట్టి, అడుగు నుంచి ఒక పసుపు కొమ్ము తీసి, ఎడమ చెవి దగ్గర పట్టుకుని విరిచింది. కుడి చెవి డ్రమ్ము హోరుకు పదేళ్ల కిందే మందగించింది.

టంగుమంది. ముక్కలను పీటకు కుడివైపు వేసింది.

కుడివైపు వేస్తే సరుకు ఎండినట్టు. ఎడమవైపు వేస్తే తేమ ఉన్నట్టు. ఆమె నోటితో చెప్పదు. వెనక నిలబడ్డ యజమాని సాయిప్రసాద్ ముక్కలు పడిన చోటు చూసి, తానూ ఒక కొమ్ము తీసి విరిచి, రైతుకు ధర చెబుతాడు. పెర్కిట్ రోడ్డులోని ఈ గోదాంలో పద్నాలుగేళ్లుగా ఇదే పద్ధతి. తేమ కొలిచే మిషన్ ఆఫీసులో అట్టపెట్టెలోనే ఉంది. సాయి సేటు విరిచి చెప్పాక మిషన్ ఎందుకని ఆలూర్ దాకా పేరు. డ్రమ్ము ఆగేది సేటు కోసమేనని చాలామంది రైతులు అనుకుంటారు. లిదియాను బస్తాలు విప్పే మనిషి అనుకుంటారు.

ఆమె వయసు యాభై నాలుగు. కుడి బొటనవేలి గోరు నిలువుగా చీలి ఉంటుంది. చీలికలోని పసుపు ఆదివారం చర్చికి వెళ్లేటప్పుడు సబ్బుతో తోమినా పోదు. విరవడం తల్లి నేర్పింది. ఆరేళ్లప్పుడు కళ్లంలో కూర్చోబెట్టి, కళ్లు మూయించి, కొమ్ములు విరిచి వినిపించేది. తప్పు చెబితే ఇంకోటి విరిచేది. లిదియా తన కూతురు కృపకు అలాగే నేర్పింది.

అదే ఆరేళ్ల వయసులో సాయిప్రసాద్ హైదరాబాద్‌లో హాస్టల్లో ఉన్నాడు. చదువయ్యాక తిరిగి వస్తే తండ్రి గంగాదాస్ గోదాం, లైసెన్సు, కాంటా, నలభై ఊళ్ల రైతుల నమ్మకం అప్పగించాడు. మొదటి ఏడు కొడుకు తానే విరిచి చూసి కొన్న రెండు లారీల సరుకుకు బూజు పట్టింది. గంగాదాస్ ఎవరినీ ఏమీ అనలేదు. మరుసటి ఏడు లిదియా పీటను కొడుకు కుర్చీ ముందుకు జరిపించాడు.

కృపకు డిగ్రీ మొదటి ఏడు పరీక్షలప్పుడు డెంగీ వచ్చింది. ఆ ఏడు పోయింది. రెండేళ్లు బట్టల దుకాణంలో నిలబడి, మళ్లీ చేరి, బీఎస్సీ పాసయింది.

పదిహేను రోజుల కింద, సేటు కొత్తగా పెట్టిన పసుపు పొడి యూనిట్‌లో నాణ్యత చూసే ఉద్యోగానికి లిదియా కూతురి పేరు చెప్పింది. ముప్పై అయిదేళ్లలో ఆ ఇంటివాళ్లను ఆమె అడిగింది అదొక్కటే.

"ఎవ్వలికి వాళ్లే పైకి రావాలె లిదియవ్వా," అన్నాడు సాయిప్రసాద్. "నాకెవ్వలు చెయ్యి వట్టిండ్రు చెప్పు?"

ఉద్యోగం అతని బామ్మర్దికి దక్కింది. బామ్మర్ది కొమ్మును వాసన చూస్తాడు.

ఆ రోజు పదకొండింటికి వీడియో తీసేవాళ్లు వచ్చారు. వచ్చే వారం వ్యాపారుల సంఘం సాయిప్రసాద్‌కు సన్మానం చేస్తోంది. సభలో చూపే వీడియో పేరు 'సున్నా నుంచి'. కెమెరా పట్టుకున్న అమ్మాయి సంధ్యారాణి లిదియా పక్కన గొంతుక్కూర్చుంది.

"అమ్మా, మీరు ఒక్క మాట చెప్తే చాలు. సార్ చిన్నప్పటి సంది మాతోని బస్తాలు మోసి పైకొచ్చిండని."

"ఎవ్వలు మోసిండ్రు?"

"సార్."

డ్రమ్ము వెనక ఎర్రన్న నవ్వాడు. "మోసిండు మోసిండు. హాస్టల్ పెట్టె మోసిండు. గది గూడ జీపుల నుంచి నేనే దించిన."

"నువ్వు నీ పని చూస్కో," అన్నాడు సాయిప్రసాద్. "జర చెప్పు లిదియవ్వా. రెండు నిముషాల పని."

ఆమె జవాబు చెప్పేలోపు కమ్మర్‌పల్లి బుచ్చన్న ట్రాక్టర్ లోపలికి వచ్చింది. సేటు విరుస్తుండగా తీస్తామన్నారు. వెనక డ్రమ్ము తిరుగుతుంటే బాగుంటుందన్నారు. లిదియాను కెమెరాకు కనబడకుండా జరగమన్నారు. ఆమె పీట పట్టుకుని గోడవారకు వెళ్లి కూర్చుంది. ఎడమ చేయి నేలకు ఆనించింది.

డ్రమ్ము తిరుగుతూనే ఉంది. సాయిప్రసాద్ కొమ్ము తీసి, కెమెరాకు చూపి, విరిచాడు. అలవాటుగా లిదియా వైపు చూశాడు. పీట దగ్గర ముక్కలు లేవు. పీటకు ఎడమవైపు ఆమె చేయి ఉంది.

"తేమున్నది బుచ్చన్నా," అన్నాడు. "ధర తగ్గుతది."

బుచ్చన్న తువ్వాల తీసి భుజం మార్చుకున్నాడు. "డ్రమ్ము తిరుగుతుంటె నీకెట్ల ఇనవడ్డది సేటూ?"

సాయిప్రసాద్ చేతిలోని ముక్కలను బస్తాలో వేశాడు.

"పద్దెనిమిది దినాలు ఎండవోసిన. లిదియా, నువ్వు చెప్పు."

సాయిప్రసాద్ గోడ దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించాడు. "తేమున్నదను. మోసిండని గూడ కెమెరాకు చెప్పు. కృప సంగతి రేపే చూస్త."

లిదియా అతని చెప్పుల వైపు చూసింది. లేచి, ట్రాలీ దగ్గరికి నడిచి, ఎడమ చేయి ఎత్తింది. డ్రమ్ము ఆగింది. బుచ్చన్న బస్తా అడుగు నుంచి కొమ్ము తీసి విరిచింది. చప్పుడు రోడ్డు మీది ఆటోవాడికి కూడా వినిపించింది.

"ఎండింది," అన్నది. పద్నాలుగేళ్లలో ఆ మాట నోటితో అనడం మొదటిసారి. "మంచిగ ఎండింది."

సంధ్యారాణి వైపు తిరిగింది. "తీస్తున్నవా బిడ్డా? తియ్యి. సేటు బస్తా మోయలే. ఎండిందో లేదో చూసింది గూడ సేటు కాదు, నేను. మా అవ్వ నాకు నేర్పింది, నేను నా బిడ్డకు నేర్పిన. సున్న అంటున్నరు గద, గా సున్నల వాళ్ల బాపున్నడు, నేనున్న."

"కృప సంగతి ఇగ మర్సిపో," అన్నాడు సాయిప్రసాద్.

"ఎవ్వలికి వాళ్లే పైకి రావాలంటివి. నా బిడ్డ వస్తది. నువ్వు గూడ రా, సేటూ. రేపటి సంది నువ్వే ఇరిసి చూడు."

కుళాయి దగ్గర చేతులు కడుక్కుంది. కొంగుకు తుడుచుకుంది. టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుంది. గోడవారకు వెళ్లి ఒక్కసారి వంగి లేచింది. గేటు దాటి బస్టాండు వైపు నడిచింది. ఆటోవాడు పిలిచినా ఆమె ఎక్కలేదు.

బుచ్చన్న ఎండిన సరుకు ధరకే అమ్మి వెళ్లాడు.

మూడింటికి మెండోర నుంచి ఇంకో ట్రాక్టర్ వచ్చింది. ఎవరూ చేయి ఎత్తకుండానే ఎర్రన్న డ్రమ్ము ఆపాడు. రైతు బస్తా మూతి విప్పి నిలబడ్డాడు. సాయిప్రసాద్ గోడ వైపు చూశాడు. పీట అక్కడే ఉంది. దానికి కుడివైపూ ఏమీ లేదు, ఎడమవైపూ ఏమీ లేదు. పీట మీద, సరిగ్గా మధ్యలో, విరవని కొమ్ము ఒకటి ఉంది.