మొదటి పిడికెడు మన్ను

మొగుడు పోయి రెండు రోజులైనా గ్లెనిస్ కంట చుక్క నీరు రాలేదు. మూడోనాటి సాయంత్రం టీవీలో దేశాన్నేలే రాణి పోయిందని చెప్పగానే మాత్రం సోఫాలో కూలబడి, గోడ అవతలికి వినబడేలా వెక్కివెక్కి ఏడ్చింది.

ఆ ఏడుపు విని పక్కింటి మైర్వెన్ పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. పాపం, ఇప్పటికి దుఃఖం బయటపడిందనుకుని గ్లెనిస్ తల ఒళ్ళోకి తీసుకుని వీపు నిమిరింది.

"ఏడువు గ్లెన్, ఏడువు. లోపల దాచుకోకు. ఎమ్లిన్ లాంటి మనిషి మళ్ళీ పుట్టడు."

"ఎమ్లిన్ కాదు మైర్వెన్" అంది గ్లెనిస్ ఎక్కిళ్ళ మధ్య. "రాణి పోయింది."

మైర్వెన్ చెయ్యి వీపు మీదే ఆగిపోయింది. గ్లెనిస్ కూడా తన నోట ఏం మాట వచ్చిందో అప్పుడే విన్నదానిలా బిత్తరపోయి కూర్చుంది. అత్త చచ్చిన ఆర్నెల్లకు కోడలి కంట నీరొచ్చిందంటారు. ఆ కోడలు నయం, ఏడ్చింది అత్తకోసమే అని చెప్పుకోవడానికైనా ఉంది. కట్టుకున్నవాడు శవపేటికలు చేసే పెట్టెల ఆల్విన్ దుకాణంలో చల్లగా పడుకుని ఉంటే, తను మాత్రం ఒక్కసారైనా మాట్లాడని మనిషి కోసం గుండెలు బాదుకుంది. తనేం మనిషి?

రాణి మీద ఆమెకున్న పిచ్చి ఆ కొండలోయలో అందరికీ తెలిసిందే. ముందుగదిలో గోడ పొడవునా అలమర, దాని నిండా రాణి బొమ్మ అచ్చేసిన కప్పులు. రాణి పట్టాభిషేకం నాటి కప్పు గ్లెనిస్ వాళ్ళమ్మది. తరవాత రాణిగారింట జరిగిన ప్రతి పెళ్ళికీ, ప్రతి పుట్టుకకూ ఒకటి. పెళ్ళిళ్ళలో సగం పెటాకులైపోయినా కప్పులు మాత్రం చెక్కుచెదరలేదు. చిన్నప్పుడు చర్చి ఆదివారం బడి పిల్లలందరినీ వానలో రోడ్డు పక్కన నిలబెట్టి చేతికి కాగితం జెండాలిచ్చారు. రాణి కారు సర్రున పోయింది. తెల్ల తొడుగు వేసుకున్న చెయ్యి ఒకటి కదిలింది. "నన్నే చూసింది" అని గ్లెనిస్ అప్పటినుంచీ చెబుతూనే ఉంది.

ఎమ్లిన్ ఊరుకునేవాడా. అద్దం మీద అంత వాన కారుతుంటే నిన్నేం చూస్తుంది, నీ జెండా రంగు కారడం చూసుంటుంది అనేవాడు. ఊరంతా ఒకదారి, ఉలిపికట్టెది ఒకదారి. రాణి ఏలుబడికి ఇన్నేళ్ళు నిండాయని చేసే పండగలప్పుడు వీధంతా తోరణాలు కడితే తన గుమ్మం మీదుగా తాడు పోనిచ్చేవాడు కాడు. రాణిగారింట మనవడు పుట్టాడని గ్లెనిస్ కేకు చేస్తే, కందకు లేని దురద కత్తిపీటకెందుకే అని, ఆ కేకే రెండు ముక్కలు ఎక్కువ తినేవాడు.

ఎమ్లిన్ పనిచేసే బొగ్గుగని మూతపడ్డ ఏడాది మాత్రం ఎగతాళి ఎగతాళిలా లేదు. "మనకోసం ఒక్క ముక్క మాట్లాడిందా ఆవిడ?" అని అడిగాడు. ఆవిడ అలా మాట్లాడకూడదు, అది పద్ధతి అంది గ్లెనిస్. "మాట్లాడకూడని మనిషికి కిరీటమెందుకు? మన పిల్లి నెత్తిన పెట్టినా సరిపోతుంది" అన్నాడు. ఆ తరవాత వారం రోజులు ఇద్దరికీ మాటల్లేవు. ఎనిమిదో రోజున కప్పుల బరువుకు అలమర వంగుతోందని తనే ఇనప బద్దలు తెచ్చి బిగించాడు, ఒక్క మాటైనా మాట్లాడకుండా.

ఇక క్రిస్మస్ నాడు మధ్యాహ్నం మూడు గంటలకు రాణి ప్రసంగం వస్తుందనగా టోపీ పెట్టుకుని లేచేవాడు. "నా ఉల్లికాడలు చూసుకుని వస్తా. నువ్వూ మీ ఆవిడా కబుర్లు చెప్పుకోండి" అని తలుపు వేసుకుని పోయేవాడు. కొండ కింద అతనికీ, గనిలో జతగాడు ఇద్రిస్‌కీ పక్కపక్కనే కూరమళ్ళు ఉన్నాయి. చీకటి పడ్డాక గానీ వచ్చేవాడు కాడు.

ఎమ్లిన్‌ను పంతొమ్మిదో తేదీ సోమవారం పదకొండు గంటలకు మట్టి చేయాలని అప్పటికే అనుకున్నారు. పాస్టరుగారు సరేనన్నారు. చర్చి గాయకబృందంలో మిగిలిన ముసలివాళ్ళంతా నల్ల కోట్లు ఉతికించుకున్నారు. అన్నిటికన్నా ముఖ్యం ఇద్రిస్.

ఆ ఇద్దరిదీ పాత ఒప్పందం. కుర్రతనంలో గని పైకప్పు కూలి ఎమ్లిన్ పీకల దాకా కూరుకుపోతే, ఇద్రిస్ గోళ్ళు ఊడేలా వట్టి చేతులతో తవ్వి బయటికి లాగాడు. అప్పటినుంచీ ఇద్రిస్‌ది ఒకటే మాట. నీ మీంచి మన్ను తీసింది నేను, మళ్ళీ వేసేదీ నేనే, ఇంకెవడు ముందు వేసినా ఒప్పుకోను అని. నువ్వే ముందు పోతే నేను వేస్తాలే అని ఎమ్లిన్. పండగకీ పబ్బానికీ బీరు గ్లాసుల మీద ఈ ఒట్టు తిరగరాసుకుంటూనే ఉండేవాళ్ళు. ఇప్పుడు ఇద్రిస్ ఊపిరితిత్తుల నిండా బొగ్గు దుమ్ము. ముక్కుకు గొట్టం, పక్కన ఆక్సిజన్ సిలిండరు. సోమవారం దాకా ఎలాగోలా బతుకుతానని కూతురు నెస్టాతో అన్నాడట.

శనివారం పొద్దున పెట్టెల ఆల్విన్ వచ్చాడు. పాల వ్యాపారి పాల జోన్స్ అయినట్టు, శవపేటికల వ్యాపారి ఆ లోయలో పెట్టెల ఆల్విన్ అయ్యాడు. గ్లెనిస్ ఎత్తుకుని ఆడించిన పిల్లాడే. ఇప్పుడు తల నెరిసింది. టీ ఇచ్చినా ముట్టుకోలేదు. ఎప్పుడూ అదురూ బెదురూ లేని మనిషి టోపీ చేతుల్లో నలుపుతూ కూర్చున్నాడు.

"ఆంటీ గ్లెన్, సోమవారం కుదరదు."

"ఎందుకు కుదరదు?"

"రాణిగారిని ఆ రోజే పాతిపెడుతున్నారు. దేశమంతా సెలవు ఇచ్చేశారు. సమాధుల తోట మూసేస్తారట, గోతులు తవ్వేవాళ్ళు రారట. ఇప్పుడే ఫోనొచ్చింది. ఆ పై వారం గురువారం, ఇరవైతొమ్మిదిన ఇచ్చారు. ఎంత బతిమాలినా అంతకు ముందు లేదన్నారు."

గ్లెనిస్ గోడ మీది కప్పుల వైపు చూసింది. అన్ని కప్పుల మీదా ఆ ఒక్క మొహమే, ఒక్కొక్క వయసులో, నవ్వుతూ. జీవితమంతా తను చేతులూపింది. ఈ ఒక్కసారీ ఆవిడ తమ ఇంటి వైపు తిరిగింది, తిరిగి ఎమ్లిన్ గోతికి అడ్డంగా నిలబడింది. రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా అంటారు. తలచుకోనక్కర్లేదు కూడా అని ఆ పొద్దున ఆమెకు తెలిసింది. ఆవిడకు ఎమ్లిన్ అనేవాడొకడు ఉన్నాడనే తెలియదు.

"బతికున్నన్నాళ్ళూ ఆయన ఆవిడకు దారివ్వలేదురా" అంది చివరికి. "చచ్చాక ఇప్పించారు."

ఇద్రిస్‌కు తనే చెబుతానని కొండ దిగి వెళ్ళింది. దారిలో కొట్ల అద్దాల నిండా నల్ల అంచుల బొమ్మలు, కూరగాయల కొట్టులో కూడా. ఇద్రిస్ కిటికీ పక్క మంచంలో దిళ్ళకు ఆనుకుని ఉన్నాడు. అంతా విన్నాడు. కోపంతో లేస్తాడనుకుంది గ్లెనిస్. లేవలేదు. నాలుగైదు సార్లు ఊపిరి కూడదీసుకున్నాడు.

"నా దగ్గర ఆ గురువారం లేదు గ్లెన్" అన్నాడు.

నెస్టా వంటగదిలోకి పోయి కుళాయి తిప్పి ఉంచింది, ఏడుపు వినబడకుండా.

గ్లెనిస్ నేరుగా ఆల్విన్ దుకాణానికి నడిచింది. పాతకాలంలో శవాన్ని ముందురోజే ఇంటికి తెచ్చి ముందుగదిలో ఉంచేవారు కదా, సోమవారం పొద్దున ఎమ్లిన్‌ను ఇంటికి తేగలవా అని అడిగింది. గోతులు తవ్వేవాళ్ళకు సెలవు గానీ నీ బండికి లేదు కదా అంది. ఆల్విన్ తెస్తానన్నాడు. రాణిగారి రోజున బండి తీశానని ఎవరైనా అంటే అననీ అన్నాడు.

సోమవారం ఎండ ఫెళ్ళున కాసింది. ఆ లోయలో సెప్టెంబరులో అలాంటి ఎండ అరుదు. ఆల్విన్, అతని తమ్ముడు పెట్టెను ముందుగదిలో కప్పుల అలమర కింద దించి, సాయంత్రం మళ్ళీ దుకాణానికి తీసుకుపోతామని చెప్పి వెళ్ళారు. గ్లెనిస్ వీధి కిటికీ తెర వేయబోతూ బయటికి చూసి ఆగిపోయింది.

వీధిలో ప్రతి ఇంటికీ తెరలు వేసి ఉన్నాయి. మైర్వెన్ ఇల్లు, ఎదురిల్లు, మలుపు దాకా అన్నీ.

ఏ ఇంటి శవం కదిలినా వీధంతా తెరలు వేసి తలవంచడం అక్కడి ఆచారం. ఈ రోజు ఎమ్లిన్‌ది అని వీళ్ళు మరిచిపోలేదు. ఎవరికీ చెప్పకపోయినా గుర్తుపెట్టుకున్నారు. అందరికీ ఒక్కొక్కరికీ చేతులు పట్టుకుని కృతజ్ఞత చెప్పుకోవాలనుకుంది గ్లెనిస్.

పదకొండవుతుండగా నెస్టా తండ్రిని చక్రాల కుర్చీలో తోసుకొచ్చింది. గ్లెనిస్ ఎదురెళ్ళి, చూశావా ఇద్రిస్, వీధి మొత్తం తెరలు వేసింది ఆయనకోసం అంది.

ఇద్రిస్ నెస్టా వైపు చూశాడు. నెస్టా తల దించుకుంది. అబద్ధం చెప్పడం ఇద్రిస్‌కు చేతనయ్యేది కాదు. అందుకే కార్మిక సంఘం ఎన్నికల్లో ఎన్నడూ గెలవలేదు.

"తెరల సందుల్లోంచి టీవీలు కనబడుతున్నాయి గ్లెన్. ఎండ టీవీ మీద పడుతోందని తెరలు వేసుకున్నారు. అంతే."

గ్లెనిస్ ఎవరో చెంప మీద కొట్టినట్టు నిలబడిపోయింది. తరవాత గబగబా లోపలికి పోయి, అలమరలోంచి చేతికందిన కప్పునల్లా తీసి నేల మీద పెట్టడం మొదలెట్టింది. చెత్తబుట్టలో వేస్తాను అంది. అన్నీ వేస్తాను, ఒక్కటి ఉంచను అంది. నేలకు తగిలి పట్టాభిషేకం కప్పు చెవి ఊడింది.

"ఆగు" అన్నాడు ఇద్రిస్. "అవి పారేస్తే వీడు ఊరుకోడు."

"ఆయనకేం? ఆయన పీడా వదిలిందనుకుంటాడు."

"క్రిస్మస్ నాడు వీడు ఎక్కడికి పోయేవాడనుకున్నావు?"

"ఉల్లికాడలు చూసుకోడానికి."

"డిసెంబరులో. వానలో." ఇద్రిస్‌కు నవ్వూ దగ్గూ కలిసొచ్చాయి. నెస్టా సిలిండరు మర సరిచేసింది. "మా ఇంటికొచ్చేవాడే పిచ్చిదానా. టోపీ తీసి మా టీవీ ముందు కూర్చునేవాడు. మొదటినుంచి చివరిదాకా. ఒక్క ఏడూ తప్పలేదు. గని పోయిన ఏడు కూడా."

గ్లెనిస్ చేతిలో కప్పు నేల మీద పెట్టేసింది. ఇన్ని క్రిస్మస్‌లు తను ఒక్కతే కూర్చుని ఆ ప్రసంగం విన్నది. కొండ కింద ఇంట్లో ఆయనా అదే వింటున్నాడు. ఒకే మాట, ఒకే నిమిషంలో, రెండు ఇళ్ళల్లో. పెట్టె అంచు పట్టుకుని కూర్చుంది.

"మరి నా పక్కన కూర్చుని చూడొచ్చుగా?"

"చూస్తే నువ్వు గెలిచినట్టు కాదూ? 'ఆవిడంటే నాకేం లెక్కలేదు ఇద్రిస్, గ్లెన్‌కు అందులో ఏం కనిపిస్తుందా అని చూస్తున్నా' అనేవాడు. ఏళ్ళు గడిచినా ఇంకా దొరకలేదనేవాడు."

అప్పుడు ఏడ్చింది గ్లెనిస్. రాణి కోసం ఏడ్చినంత గట్టిగా ఏడవలేదు. చప్పుడు లేకుండా, పెట్టె మూత మీద నుదురు పెట్టి, చాలాసేపు ఏడ్చింది. ఎక్కడో గోడ అవతల టీవీలో బాకాలు మోగాయి. మైర్వెన్ ఇంట్లో ఎవరో ముక్కు చీదారు.

ఇద్రిస్ కోటు జేబులోంచి ఒక కాగితం సంచి తీశాడు. పొద్దున నెస్టాను పంపి ఎమ్లిన్ కూరమడిలోంచి తెప్పించిన మన్ను. నల్లగా, తడిగా ఉంది. కుర్చీలోంచి లేపమన్నాడు. ఆడవాళ్ళిద్దరూ చెరో చంకా పట్టుకుని లేపారు. గోళ్ళు సరిగా మొలవని ఆ వేళ్ళతో పిడికెడు తీసి పెట్టె మూత మీద వేశాడు.

"తీసింది నేనే, వేసిందీ నేనే" అన్నాడు. "ఇంక లెక్క సరి."

ఇద్రిస్ ఆ వారం శనివారం పోయాడు, మధ్యాహ్నం నిద్రలోనే.

గురువారం వాన. ఆకాశం కొండల మీదికి దిగి పట్టపగలే లైట్లు వేసుకునేంత మబ్బు. ఎమ్లిన్‌ను తీసుకుని ఆల్విన్ బండి గుమ్మం ముందు ఆగాక గ్లెనిస్ బయటికొచ్చి గొడుగు తెరిచి, చూడకూడదనుకుంటూనే వీధి వైపు చూసింది. మైర్వెన్ ఇంటి తెర వేసి ఉంది. ఎదురింటిదీ వేసి ఉంది. మలుపు దాకా ఒక్క కిటికీ తెరిచి లేదు, ఒక్క సందులోనూ టీవీ వెలుగు లేదు. ఎండ మాత్రం ఎక్కడా లేదు.

గోతి దగ్గర ముసలి గాయకులు తడిసిన కోట్లతో పాడారు. పాట అయ్యాక పాస్టరుగారు మన్ను ఉన్న పళ్ళెం గ్లెనిస్ ముందు పెట్టారు. ముందు మీరు వేయాలమ్మా, మొదటి పిడికెడు మీదే అన్నారు.

గ్లెనిస్ చేతి తొడుగు విప్పి పిడికెడు తీసుకుంది. గోతిలోకి తొంగిచూసింది. వానకు తడిసిన పెట్టె మూత మీద, ఆల్విన్ తుడవకుండా అలాగే ఉంచిన కూరమడి మన్ను నల్లటి మరకలా కనబడుతోంది.

"మొదటిది పడిపోయింది పాస్టరుగారూ" అంది. "ఇది రెండోది."