హెల్ప్‌డెస్కులో హెడ్ క్లర్కమ్మ

బడి ఆఫీసులో ఆవిడ పదకొండేళ్లుగా హెడ్ క్లర్కు. గుమ్మంలో కనబడితే చాలు, మాస్టార్లే చొక్కాలు సర్దుకుంటారు. అలాంటి మనిషి రెండేళ్లు కష్టపడి సైబర్ సెక్యూరిటీ చదివి, పరీక్ష గట్టెక్కితే, చివరికి దొరికిందేమిటయ్యా అంటే ఓ పెద్దాసుపత్రి హెల్ప్‌డెస్కులో కుర్చీ. పాస్‌వర్డ్ మరిచిపోయినవాళ్లకు కొత్తది ఇవ్వాలి, ప్రింటరు మొరాయిస్తే బుజ్జగించాలి. అక్కడ ఏడాది కూర్చుంటేగానీ సెక్యూరిటీ గదిలోకి రానివ్వరట. మూడు రోజులు చేసి చూసి, మూడో సాయంత్రం ఔనో కాదో చెప్పాలి. ఔనంటే బడి కుర్చీ పోయినట్టే.

లిఫ్టులు బాగుచేసే మరిది ఊరుకుంటాడా?

"వదినా, పైకి పోదామనుకుని కింది మీట నొక్కావేంటి?"

"నువ్వు బాగుచేసిన లిఫ్టు కదా నాయనా, ఏది నొక్కినా కిందికే పోతుంది."

మాటకు మాట అంటించిందేగానీ, మనసు చివుక్కుమంది. మొదటి రెండు రోజులూ ఫోన్లలో తిట్లే తిట్లు. మధ్యలో మరిది గొంతు మార్చి, "అమ్మా, నా కంప్యూటరుకు జలుబు చేసింది" అంటూ ఒకటి. ఈ వయసులో నాకిదేం ఖర్మ, కాదనేద్దాం అనుకుంది.

మూడో రోజు సోమవారం. పొద్దున్నే ఒక నర్సు ఫోను చేసింది. "ఇంకా కుర్చీలో కూర్చోనేలేదు, అప్పుడే అకౌంటు లాకయిందంటుందేంటండీ?" తర్వాత ఒక డాక్టరు. ఆ తర్వాత వంటశాల నుంచి ఒకాయన.

"ఆదివారం పోయి వస్తే అందరూ మరిచిపోతారండీ. తెరిచేసి పంపించెయ్యండి," అంది పక్క కుర్చీలో పాతకాపు అమ్మాయి.

హెడ్ క్లర్కమ్మ మాత్రం ఒక్కొక్కరి పేరూ, లాకయిన టైమూ కాగితం మీద రాసుకుంటూ పోయింది. తొమ్మిదో పేరు రాసి, టైముల ప్రకారం వరుస పేర్చి చూసింది. పదకొండేళ్లు హాజరు పట్టీలు దిద్దిన కన్ను మరి! పేర్లన్నీ అక్షరక్రమంలో నిలబడి ఉన్నాయి. మరిచిపోయేవాళ్లు క్యూ కట్టి మరిచిపోతారా?

"అమ్మాయ్, ఇది మరుపు కాదు. ఎవడో మన జాబితా ముందేసుకుని హాజరు పిలుస్తున్నాడు. తప్పు పాస్‌వర్డులు కొట్టి కొట్టి ఒక్కొక్కరి తలుపూ తోసి చూస్తున్నాడు, అందుకే లాకవుతున్నాయి."

"ఊరుకోండి, మీరు మరీనూ!"

ఆసుపత్రి సిబ్బంది జాబితా తీసి వేలు పెట్టి చూపించింది. "తర్వాతి పేరు మందుల కౌంటరాయనది. చూస్తూ ఉండు."

నాలుగు నిమిషాలకు ఫోను మోగింది. మందుల కౌంటరాయనే. అమ్మాయి లేచి నిలబడిపోయింది.

కబురందుకుని పైనుంచి దిగొచ్చిన సెక్యూరిటీ గది పెద్దాయన, కాగితం చూసి వెనక్కి పరిగెత్తాడు. పది నిమిషాల్లో బయటి నుంచి కంప్యూటర్లలోకొచ్చే దారులన్నీ మూయించి, ఆయాసపడుతూ తిరిగొచ్చాడు. "మా తెర మీదికి ఇంకా ఏమీ రాలేదమ్మా. మీకెలా తెలిసింది?"

"మొర మొదట వినబడేది ఈ కుర్చీలోనే కదండీ. సాయంత్రం దాకా ఎందుకు, నేను చేరుతున్నానని ఇప్పుడే రాసుకోండి."

"మీరెంత ఘనులైనా, పైకి రావాలంటే ఏడాది ఆగాల్సిందే మరి."

"ఆగుతానండీ. ఇక్కడ నేర్చుకునేది చాలా ఉన్నట్టుంది."

సాయంత్రం మరిది సంగతంతా విన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ నోట్లోంచి ఎగతాళి రాకపోవడం అదే మొదలు.

"వదినా, నేనైతే తొమ్మిది మందికీ తెరిచేసి టీ తాగడానికి పోయుందును," అన్నాడు.