అమ్మమ్మ ఇచ్చిన ఫిర్యాదు

అమ్మమ్మ గబగబా పత్రికాఫీసు మెట్లెక్కింది. ఇక్కడ పని నేర్చుకుంటున్న మనవరాలు రేపు పొద్దున ఈ పత్రిక వాళ్ల పక్క ఊరి ఆఫీసుకు విలేఖరిగా వెళ్లిపోతోంది. డిగ్రీ చివరి ఏడాది చదవకుండానే కాలేజీ మానేసిన పిల్ల. ఇవాళ ఎడిటర్‌తో మాట్లాడి ఎలాగైనా ఆ ప్రయాణం ఆపించాలి. ఈ వేళప్పుడు పిల్ల బయట తిరుగుతుంటుందని చూసుకునే ఆవిడ వచ్చింది.

ఎడిటర్ కళ్లజోడు ముక్కు మీదికి జారి ఉంది. "ఏంటి పెద్దమ్మా సంగతి?" అన్నాడు.

"ఫిర్యాదు బాబూ. డిగ్రీ లేని పిల్లల్ని పనిలో పెట్టుకుంటున్నారు. రేపు వాళ్ల గతేం కావాలి?"

"మా దగ్గర ఒక పద్ధతుందమ్మా. ఫిర్యాదుతో ఎవరొచ్చినా పని నేర్చుకుంటున్నవాళ్లే రాసుకుంటారు. రాసింది మీకే చదివి వినిపిస్తారు. నేనన్నది ఇదేనని మీరు ఒప్పుకుంటేనే నా బల్ల మీదికొస్తుంది." తలుపు వైపు తిరిగి కేకేశాడు. "పిచ్చుకా! ఇలా రామ్మా."

అమ్మమ్మ పై ప్రాణాలు పైనే పోయాయి. అది మనవరాలికి తను పెట్టుకున్న ముద్దుపేరు.

పిల్ల గుమ్మంలోనే ఆగిపోయింది. "అమ్మమ్మా? ఒంట్లో బాలేదా?"

"మీ అమ్మమ్మా!" ఎడిటర్ కళ్లజోడు తీసేశాడు. "ఉండు, ఇంకొకళ్లని పిలుస్తాను."

"వద్దు సార్. వంతు నాదే." పిల్ల చెవులు ఎర్రగా కందిపోయాయి. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. "చెప్పండి," అంది.

పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల ఆవిడను ఎన్నడూ మీరు అనలేదు.

అమ్మమ్మ నేల చూపులు చూస్తూ చెప్పింది. రాయడం వస్తే చాలదు, వచ్చని ఎవరో ఒకరు కాగితం ఇవ్వాలి. ఈ పత్రిక మూతపడితే ఇంకొకరు గుమ్మం ఎక్కనివ్వరు. ఏం చదివావని ఎవరడిగినా తల దించుకోవాలి.

"పిచ్చుకా, మనందర్నీ మళ్లీ కాలేజీకి తోలేట్టుంది మీ అమ్మమ్మ!" అని అవతలి గదిలోంచి ఎవరో అన్నారు. నవ్వులు వినిపించాయి.

"ఆవిడ చెప్పేది అబద్ధం కాదు," అన్నాడు ఎడిటర్. "నాకు మొదటి ఉద్యోగం ఆ కాగితం చూసే ఇచ్చారు. వార్తల కోసం చెప్పులరిగేలా తిరగడం మాత్రం తర్వాత నేర్చుకున్నాను. పిచ్చుకా, ఇంకేమైనా అడగాలా?"

పిల్ల తల ఎత్తలేదు. "నేను కాలేజీ మానేసినప్పుడు మీరేమీ అనలేదు. నా మొదటి వార్త పక్కింటివాళ్లకి చదివి వినిపించారు కూడా. ఇవాళే ఎందుకొచ్చారు?"

అమ్మమ్మకు సాయంత్రానికి వస్తానని వెళ్లిన మొగుడు గుర్తొచ్చాడు. ఆసుపత్రి గేటు దగ్గర వెనక్కి తిరిగి చెయ్యూపిన కూతురు గుర్తొచ్చింది. ఇద్దరూ మళ్లీ ఇంటికి రాలేదు.

"కాలేజీ ఈ ఊళ్లోనే ఉంది కదే," అంది చివరికి. "డిగ్రీ ఉంటే ఎంత, లేకపోతే ఎంత. నువ్వు ఇంట్లో ఉంటావని అన్నాను."

కలం ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలింది. తర్వాత పిల్ల చదివింది. అదే మాట, అవే ముక్కలు, ఒక్కటీ మార్చలేదు. అవతలి గదిలో నవ్వులు ఆగిపోయాయి. "మీరన్నది ఇదేనా?"

కాదంటే పిల్ల తప్పు రాసినట్టవుతుంది. అదీ ఎడిటర్ ముందు. అమ్మమ్మ పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇదే."

"అయితే రేపటి ప్రయాణం ఆపమంటారా పెద్దమ్మా?" ఎడిటర్ మెల్లగా అడిగాడు. "మీరు గట్టిగా అంటే ఇంకొకళ్లని పంపిస్తాను."

"వద్దు బాబూ. ఆ ఫిర్యాదు తీసెయ్యండి. పిల్లను వెళ్లనివ్వండి."

మెట్ల దాకా మనవరాలు తోడొచ్చింది.

"ఉండవే అని నన్నే అడగొచ్చుగా అమ్మమ్మా," అంది. "పది మందిలో నాకు చదువు లేదని చెప్పడం దేనికి?"

అమ్మమ్మ మెట్ల పక్కనున్న కమ్మీ పట్టుకుంది.

"సరే, పద. ఇంకా బట్టలు సర్దుకోవాలి. సాయం చేస్తావా?"

"చేస్తాను," అంది అమ్మమ్మ. పిల్ల మొహంలోకి చూడలేక, మెట్లు చూసుకుంటూ దిగింది.