పొర ఆరకముందే

"మాది పొరల వ్యాపారమండీ, పొరపాట్లు మాత్రం మా ఆవిడ డిపార్ట్‌మెంటు." కారు అద్దాలకు నల్ల ఫిల్మ్ వేయించుకోవడానికి ఎవరొచ్చినా మా ఆయన వేసే జోకు ఇదే. ఆ ఫిల్మ్ వేసేది నేను. నీళ్లు చల్లి, పొర పరిచి, రబ్బరు పలకతో బుడగల్ని అంచుల దాకా నెట్టేవరకు ఊపిరి కూడా మెల్లగా తీస్తాను. ఆయన కౌంటర్ దగ్గర కూర్చుంటారు. జోకుకు అందరికంటే ముందు నవ్వేది కూడా నేనే.

ఆ రోజు కారాయన నవ్వలేదు. నేను ముందురోజు వేసిన ఫిల్మ్ డ్రైవర్ వైపు అద్దం మీద ముడతలుపడి, ఒలిచిన తోలులా వేలాడుతోంది. ఆరకముందే అద్దం దించేశారని చూడగానే తెలిసింది. దించొద్దని చెప్పాను. చెప్పి ఊరుకోకుండా స్విచ్ మీద టేపు అంటించాను. ఆ టేపు ఇప్పుడు లేదు.

"దించకూడదని ఒక్కరైనా చెప్పాలా, వద్దా?" అన్నారు కారాయన.

మా ఆయన నా వైపు చూడనైనా లేదు. "మర్చిపోయుంటుందిలెండి. దీని బుర్ర సంగతి నాకు తెలుసు."

"అవునండీ, పొరపాటు నాదే," అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. అత్తగారు పొయ్యి దగ్గరే నిలబడి ఉండగా పాలు పొంగినా అదే మాట, ఆయన తాళాలు ఎక్కడో పారేసుకున్నా అదే మాట. "ఒప్పేసుకుంటే నోటి ముత్యాలేం రాలిపోవు కదమ్మా," అనేవారు అత్తగారు. నిజమే, ఏమీ రాలలేదు. అసలు ముత్యాలు ఉన్నాయో లేవో చూసుకోవడమే మానేశాను.

అప్పుడు పక్క సీట్లోంచి కారాయన భార్య నెమ్మదిగా అంది: "ఆవిడ చెప్పారండీ. నిన్న మీతోనే చెప్పారు."

కారాయన ఆమె వైపు తిరిగారు. "చెబితే నువ్వు గుర్తుచేయొద్దూ? పక్కన కూర్చుని ఏం చేస్తున్నావు?"

ఆమె తన ఒళ్లోని చేతుల్ని చూసుకుంది. "నిజమేలెండి. తప్పు నాదే."

హమ్మయ్య అనిపించింది నాకు. అవును, అదే అనిపించింది. నా కోసం నోరు విప్పిన మనిషి నా బరువు ఎత్తుకుంటే, నేను తేలికపడిన భుజాలు సర్దుకుంటున్నాను. చెవులు వేడెక్కాయి. ఎందరి ముందు తలొంచుకున్నా రాని సిగ్గు, అలా తలొంచుకున్న ఆమెను చూసి వచ్చింది. ఇంట్లో నేనూ ఇలాగే కనిపిస్తానన్నమాట. ఇంత చిన్నగా.

"ఏమోయ్, నిలబడ్డావేంటి? సారుకి ఊరికే మళ్లీ వేసివ్వు," అన్నారు మా ఆయన.

"మళ్లీ వేస్తే అది కొత్త పనేనండీ, ఊరికే కాదు," అన్నాను. "నిన్న ఈ సారుకే చెప్పాను. టేపు సారు ఎదురుగానే అంటించాను. నేనేమీ మర్చిపోలేదు. ఆవిడా ఏమీ చేయలేదు."

మా ఆయన నవ్వబోయి మానేశారు. "మరి ఇందాక పొరపాటు నాదే అన్నావుగా?"

పక్క సీట్లో ఆమె తలెత్తింది. జవాబు ఆమెకే చెప్పాను.

"అది అలవాటండీ. నిజం కాదు."