కుండకు పడిన తిట్లు

ఆత్రేయపురంలో పెద్దింట్లమ్మ తీసిన పూతరేకు పరిస్తే కిందున్న పేపరు కళ్ళజోడు లేకుండా చదువుకోవచ్చు. ఇక ఆవిడ నోరు విప్పి తిడితే, వరదేమో అనుకుని ధవళేశ్వరంలో ఆనకట్ట గేట్లు ఎత్తేసేవారట. నేను కళ్ళారా చూడలేదు. చెప్పినవాడు మాత్రం నాకంటే పెద్ద కోతలరాయుడేం కాదు.

ఆవిడ పనిచేసే మిఠాయిల షెడ్డు యజమాని కొడుకు జయంత్. కాకినాడ హోటల్లో మూడ్రోజులు ట్రైనింగుకి వెళ్ళి, మెంటరింగ్ అనే విద్య పట్టుకొచ్చాడు. పాతవాళ్ళు కొత్తవాళ్ళకు పని నేర్పాలట, కానీ పల్లెత్తు మాట అనకూడదట. తప్పు చేసినా మెచ్చుకోవాలట. ఈ షరతుల కింద పెద్దింట్లమ్మ చేత సంతకం పెట్టించి, సోమవారం నాడు వీరదుర్గను అప్పగించాడు.

వీరదుర్గ పదేళ్ళు చేపల గంప నెత్తినెత్తుకుని ఊళ్ళు తిరిగిన మనిషి. మెడ నరాలు పట్టేసి, ఇక బరువెత్తితే ప్రమాదమని డాక్టరు చెప్పాక ఈ పనికొచ్చింది. శనివారం నాటికి వరసగా పది రేకులు చిరగకుండా తీస్తే ఉద్యోగం. లేకపోతే మళ్ళీ గంపే.

పని చూడ్డానికి తేలిక. బోర్లించిన కుండ, లోపల కొబ్బరాకు మంట. పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క లాగు లాగి, అంటుకున్న పొరను రెప్పపాటులో ఒలిచెయ్యాలి.

వీరదుర్గ లాగింది. రేకు మూడు ముక్కలైంది.

పెద్దింట్లమ్మ పళ్ళు కొరికింది. సంతకం గుర్తొచ్చింది. "ఆహా, ఎంత చక్కగా చింపావు తల్లీ!" అంది.

"ఏం తప్పు చేశానండి పెద్దమ్మా?"

"తప్పేంటమ్మా? బంగారం లాంటి చెయ్యి నీది."

అలా మూడ్రోజులు మెచ్చుకుంది. చిరిగిన రేకుల గుట్ట షెడ్డు కప్పును తాకింది. దాని మీద వాలిన కాకి ఒకటి మునిగిపోయి మర్నాటికి గానీ తేలలేదు. జయంత్ మాత్రం గోడ మీది చార్టులో రోజుకో నవ్వుముఖం బొమ్మ అంటించి వెళ్ళేవాడు.

గురువారం అన్నాలప్పుడు వీరదుర్గ ఏడ్చేసింది. "మీ కాళ్ళట్టుకుంటాను పెద్దమ్మా, నన్ను తిట్టండి. రేవులో ఒక్కో తిట్టుకీ ఒక్కో చేప పేరు నేర్చుకున్నదాన్ని. ఈ పొగడ్తలతో నా పొట్ట కొట్టకండి."

"నాకు మాత్రం సరదాగా ఉందేంటే? తిట్లన్నీ మింగి మింగి కడుపుబ్బరం పట్టుకుంది. సంతకం పెట్టి చచ్చాను గదా!"

పెద్దింట్లమ్మ కంచం పక్కకు జరిపింది. "మా అత్త నన్నెప్పుడూ ఒక్క మాట అనలేదే. వాకిట్లో కోడిపెట్టను తిట్టేది. కూరలో ఉప్పెక్కువైన సంగతి ఆ కోడి ద్వారానే తెలిసేది నాకు," అంటూ చెయ్యి కడుక్కుంది.

మధ్యాహ్నం వీరదుర్గ గుడ్డ అందుకుంది. పెద్దింట్లమ్మ కుండ వైపు తిరిగింది.

"ఒసే కుండా, నీ మొహం మండా! మణికట్టు అలా బిగబట్టావేంటే? గుడ్డేమన్నా వలనుకున్నావా, గుంజుతున్నావు?"

వీరదుర్గ మణికట్టు వదులు చేసింది.

"ఆ మంటేంటే కుండా? కాపురం తగలబెడతావా? ఒక ఆకు ఇవతలికి లాగు!"

లాగింది. రేకు సగం దాకా నిలిచింది.

జయంత్ పరిగెత్తుకొచ్చాడు. "ఎవర్నండీ తిడుతున్నారు?"

"కుండనండి బాబూ."

చేతిలో ఉన్న షరతుల ఫైలు ముందు నుంచి వెనక్కి తిరగేశాడు. కుండల ఊసు ఎక్కడా లేదు. "కుండనైతే పర్లేదండి," అని వెళ్ళిపోయాడు.

శుక్రవారమంతా ఆ కుండ పడ్డ మాటలు ఇత్తడి బిందె పడితే సొట్టలు పోయేది. శనివారం పది రేకులూ లేచాయి. పదోది లేస్తున్నప్పుడు పెద్దింట్లమ్మ ఊపిరి కూడా వదల్లేదు, ఎక్కడ ఎగిరిపోతుందోనని.

జయంత్ ఉద్యోగం ఖాయం చేశాడు. తన పథకం ఫలించిందని మధ్యలో నిలబడి ఫొటో దిగాడు. శిక్షణ పూర్తయింది గనక వీరదుర్గను సోమవారం నుంచి అవతలి షెడ్డుకి వెళ్ళమన్నాడు.

"వద్దండి బాబూ, ఆవిడ పక్క పొయ్యే ఇప్పించండి," అంది వీరదుర్గ.

"ఎందుకమ్మా? నేర్చేసుకున్నావుగా!"

"పదే కదండీ నేర్చుకున్నాను. రోజుకి మూడొందల రేకులు తియ్యొద్దూ?"