ఇందుజ ఎవరికి చదివి వినిపించింది

హైమక్క చాప మీద కూర్చుని అట్టముక్కలు సర్దుతోంది, అది ఆమె పిల్లలకు శిక్షణ ఇచ్చే గదే కాని గోడల్లేవు, చాప అంచుదాకా గోదావరి నీళ్లు వచ్చి నిలబడ్డాయి, అయినా ఏ అట్టముక్కా తడవడం లేదు. తొలి వానలప్పుడు చనిపోయిన అక్క ఇక్కడెలా ఉందని సునందకు తోచదు. తన కూతురి చెప్పులు అక్క పక్కన ఎందుకున్నాయన్నదే ఆమె బాధ.

"ఇందుజ ఏది?" అని అడుగుతుంది.

"ఇప్పుడే లేచి వెళ్లింది. కూర్చోవే," అంటుంది హైమ.

కూర్చోబోయేసరికి చాప ఆసుపత్రి మంచమవుతుంది, అట్టముక్కలు మాత్రం అలాగే ఉంటాయి, ఒకదాని మీద అన్నీ ఒకేలాంటి చేపలు, ఒక్కటే అటు తిరిగి ఉంటుంది, ఇంకోదాని మీద చిక్కుపడ్డ గీతల మధ్య ఒక అక్షరం దాక్కుని ఉంటుంది. డిస్లెక్సియా ఉండి అక్షరాలు పోల్చుకోలేని పిల్లల కళ్లకు తేడాలు పట్టుకోవడం అలవాటు చేయాలని అక్క ముందు ఇవే పెట్టేది. హైస్కూల్లో తెలుగు చెప్పే సునంద, ఎంతమంది పిల్లలకో పద్యాలు నోటికి రప్పించిన సునంద, సొంత కూతురికి 'మ'కీ 'య'కీ తేడా చెప్పలేక పలక విసిరికొట్టిన రోజులున్నాయి. ఆ పిల్లే ఈ మంచం పక్కన నిలబడి పెద్దమ్మకు ఒక పేజీ మొత్తం చదివి వినిపించింది. పళ్ల సంచి పట్టుకుని తలుపు అవతలే నిలబడి విన్నది సునంద. తను లోపలికి వెళితే ఆ చదువు ఆగిపోతుందని ఆమెకు తెలుసు.

"నీకు పిల్లల్లేరని నా పిల్లను తీసేసుకున్నావు," అంటుంది ఇప్పుడు, మెలకువలో ఎన్నడూ అనలేని మాట.

హైమకు కోపం రాదు. అట్టముక్కల్ని ఒక్కొక్కటిగా నీళ్లలోకి వదులుతుంది. "తీసుకుందామనే చూశాను. సాయంత్రం నీ స్కూటర్ చప్పుడు వినపడితే చాలు, చేతిలో పని వదిలేసి పరిగెత్తేది. నా వంక తిరిగి చూసేది కాదు. నిన్ను చూస్తే నాకు ఒళ్లు మండేది."

ఆ మాట సునందకు తియ్యగా ఉంటుంది, ఇంకోసారి చెప్పించుకోవాలనిపిస్తుంది, కాని మంచం అప్పటికే ఒడ్డు విడిచి కదులుతోంది, తను ఒడ్డునే ఉండిపోయింది. కొత్తగా వచ్చిన టీచరు దగ్గర పిల్ల కూర్చోనంటోందని, తన దగ్గర అసలే కూర్చోదని, సగంలో వదిలేసి వెళ్లడం న్యాయం కాదని నీళ్ల వెంట నడుస్తూ చెబుతుంది.

"నువ్వేం చేశావో అది చెప్పి వెళ్లు, అక్కా."

"నువ్వు జవాబు చెప్పేస్తావే," అంటుంది హైమ, గొంతు దగ్గరగానే ఉంది, మనిషి కనిపించదు. "పిల్ల ఇంకా చూస్తూనే ఉంటుంది."

వీపు మీద ఏదో పాకినట్టయి సునందకు మెలకువ వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం, పక్క మీద ఎండ పడుతోంది. వెనకాల కూర్చున్న ఇందుజ చూపుడువేలితో ఆమె జాకెట్టు మీద నెమ్మదిగా ఒక అక్షరం గీస్తోంది.

"ఏంటో చెప్పుకో."

సునందకు ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

"పెద్దమ్మకైతే వెంటనే తెలిసిపోయేది," అంది ఇందుజ.

సునంద అటు తిరగకుండా, కళ్లు మూసుకుని, "మళ్ళీ రాయమ్మా," అంది.