ఎడమకాలి బ్రేకు

పాపను బడికి తీసుకెళ్లే ఆటో రావడం మానేసి అప్పటికి పదిహేను రోజులు. బడి ఊరి అవతల, బోధన్ రోడ్డు మీద. నడిస్తే పోను అరగంట, రాను అరగంట. సాయంత్రం మళ్లీ అంతే. ఆ రెండు గంటలూ పాప తల్లి సవిత పని మీద పడ్డాయి. మిగిలిన పొద్దంతా బీడీల చాట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నా వెయ్యి బీడీలు కావడం లేదు. భర్త సురేందర్ నిజామాబాద్‌లో బట్టల దుకాణంలో పనిచేస్తాడు. ఏడింటి బస్సుకు పోతే మళ్లీ చీకటి పడ్డాకే రావడం.

అది చూడలేకే మామ లక్ష్మీరాజం బండి కొన్నాడు. చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసినన్ని రోజులూ బుల్లెట్ మీద తిరిగిన మనిషి. ఫ్యాక్టరీ మూతపడ్డాక దాన్ని అమ్మేసి, మళ్లీ ఏ బండీ ముట్టలేదు. ఇప్పుడు అరవై మూడేళ్లకు నిజామాబాద్ పోయి, అచ్చం ఆ కాలపు బండిలాగే కనిపించే సెకండ్‌హ్యాండ్ బండి తెచ్చాడు. గుండ్రటి లైటు, నల్ల టాంకీ. వాకిట్లో నిలబెట్టి తువ్వాలతో తుడిచి, రేపటి నుంచి పాపను తానే దింపుతానన్నాడు.

ఇన్నేళ్లు బండి ముట్టని మనిషి వెనక పాపను కూర్చోబెట్టడానికి సవితకు మనసొప్పలేదు. జలుబని ఒకరోజు, ఎండని ఒకరోజు చెప్పి తప్పించింది. మూడోరోజు ఆయన ఆమెనే ఎక్కమన్నాడు.

"ఎట్ల నడుపుతనో సూడు. నీ మనసుకు వడితెనే పాపను కూసోవెట్టు."

బీడీల గంప ఒళ్లో పెట్టుకుని, కార్ఖానాలో ఇచ్చి రావడానికి ఆయన వెనక కూర్చుంది. బండి బాగానే పోయింది. చెరుకుతోట మలుపులో బర్రె అడ్డమొచ్చింది. లక్ష్మీరాజం ఎడమకాలితో గట్టిగా తొక్కాడు. బండి ఆగలేదు. ఒక్క గుంజు గుంజి, బర్రె పక్కనుంచి పోయి, కాలువ గట్టు మీద ఒరిగింది. సవిత మోచెయ్యి గీరుకుపోయింది. బీడీలన్నీ మట్టిపాలు.

ఇద్దరూ కూర్చుని ఏరారు. ఏరుతూనే ఆయన చెప్పాడు. పాత బుల్లెట్‌కు బ్రేకు ఎడమకాలి కింద, గేరు కుడికాలి కింద ఉండేవట. దీనికి అంతా ఉల్టా.

"కొనేటప్పుడే తెలుసు బిడ్డా. అలవాటైతదనుకున్న. నా కాలు ఇంక ఆ బండి మీదనే ఉన్నది."

సవితకు కోపం రావాల్సింది. కోప్పడే ఓపిక కూడా లేదు. వెనక పాప ఉండి ఉంటే అనుకుంటూ మిగిలిన బీడీలు గంపలో వేసింది. సురేందర్‌కు చెబితే బండి అమ్మించేస్తాడు, మళ్లీ నడకే. చెయ్యి తలుపుకు గీరుకుందని అతనికి చెప్పింది.

మర్నాటి నుంచి వాకిట్లో కొత్త పని. స్టాండు వేసిన బండి మీద ఆయన కూర్చుంటాడు. సవిత అరుగు మీద బీడీలకు తునికాకు కత్తిరిస్తూ, ఉన్నట్టుండి "బర్రె" అంటుంది. ఆయన కుడికాలితో తొక్కాలి. మొదట్లో ఎడమదే లేచేది. పక్కింటి వెంకటవ్వ గోడ మీంచి తొంగిచూసింది.

"బర్రె లేదు, బండి కదల్లేదు. మామ కోడలు ఏం ఆట ఆడుతుండ్రే?"

"లైసెన్సు పరీక్ష అవ్వా. ఇంక పాస్ కాలె," అన్నాడు లక్ష్మీరాజం.

పది రోజులకు ఎన్నిసార్లు అరిచినా కుడికాలే. సవితకు నమ్మకం కుదిరింది. లేక నడిచీ నడిచీ అలసిపోయి కుదిరిందనుకుందో. సోమవారం పాపకు జడలు వేసి వెనక కూర్చోబెట్టి, తాత నడుము గట్టిగా పట్టుకొమ్మంది. ఆయన ఇంకా స్టాండు తియ్యలేదు. ఇంతలో వంటింట్లో పిల్లి గిన్నెలు దొర్లించింది. ఆయన ఉలిక్కిపడ్డాడు.

ఎడమకాలు తొక్కింది.

పాప కిలకిల నవ్వింది. ఆయన తన కాలినే చూసుకుంటూ కూర్చున్నాడు.

"పాపను దించు బిడ్డా."

"ఒక్కసారికేంది మామా," అన్నది సవిత. ఆ మాట ఆమెకే నమ్మబుద్ధి కాలేదు.

"ఒక్కసారే సాలు."

దించింది. ఆయన పాప భుజాల మీది పుస్తకాల సంచీ తీసుకుని టాంకీ మీద పెట్టుకున్నాడు. దీనికైతే ఏం కాదు కదా అన్నాడు. బండి నడకంత నిదానంగా ముందు కదిలింది. వెనక సవిత పాపను పట్టుకుని నడిచింది. భుజాల మీది బరువు తగ్గిన పాప ఎగురుతూ వస్తోంది. చౌరస్తా దగ్గర ఆయన వాళ్ల కోసం బండి ఆపాడు. ఏ కాలు బ్రేకు తొక్కిందో సవిత చూసింది. కుడిదే.

అయినా పాప చెయ్యి వదల్లేదు.